జర్మనీలో అద్దె ఇల్లు: వెళ్ళేవారు ముందే తెలుసుకోవలసిన సంగతులు

సభకు నమస్కారం. అక్టోబరులో మొదలయ్యే శీతాకాలపు సెమిస్టరుకు జర్మనీ బయలుదేరుతున్న విద్యార్థులు, ఉద్యోగం వచ్చి కుటుంబంతో వెళ్తున్నవారు, పిల్లల్ని పంపుతున్న తల్లిదండ్రులు ఈ హాల్లో ఉన్నారు. వీసా గురించి, బ్లాక్డ్ అకౌంట్ గురించి, అంటే ఏడాది ఖర్చులకు డబ్బు ముందే జమ చేసి నెలనెలా కొంత తీసుకునే ఖాతా గురించి మీరు ఇప్పటికే చాలా విని ఉంటారు. నేను ఇంటి విషయం ఒక్కటే మాట్లాడతాను. ఆ దేశంలో స్థిరపడటానికి కావలసిన మిగతా పనులన్నీ ఇంటి చిరునామా దగ్గరే మొదలవుతాయి కాబట్టి, ఇల్లు సరిగ్గా కుదిరితే తక్కినవి ఒకదాని వెంట ఒకటి సర్దుకుంటాయి, అక్కడ తప్పటడుగు పడితే అన్నీ ఆగిపోతాయి.

మన దగ్గర ఇల్లు అద్దెకు తీసుకోవడం చాలావరకు మనుషుల మధ్య మాటతో నడిచే వ్యవహారం. టులెట్ బోర్డు చూసి లోపలికి వెళ్తాం, మీది ఏ ఊరు, ఎంతమంది ఉంటారు అని ఓనరు అడుగుతారు, అడ్వాన్సు చేతిలో పెడతాం, పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకుంటే రాసుకుంటాం, లేకపోతే అదీ ఉండదు. ఏదైనా తేడా వస్తే కూర్చుని మాట్లాడుకుంటాం. జర్మనీలో ఈ సంబంధాన్ని 1900లో అమల్లోకి వచ్చిన పౌర స్మృతి, ఆ తరువాత దానికి చేసిన సవరణలు నడిపిస్తాయి. జనాభాలో సగానికి పైగా అద్దె ఇళ్ళలో ఉండే దేశం కావడంతో అద్దెకున్నవారికి చట్టం ఇచ్చిన రక్షణ చాలా గట్టిది. కానీ ఆ రక్షణ గడువు లోపల, కాగితం మీద అడిగినవారికే దక్కుతుంది. మనవాళ్ళు నష్టపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. వారికి హక్కు లేక అలా జరగలేదు, మొహమాటపడి ఊరుకున్నందువల్ల, నోటిమాటను నమ్మినందువల్ల జరిగింది. అందుకే ఈ రోజు వివరాల్లోకి వెళ్ళి చెబుతాను, కాస్త ఓపిగ్గా వినండి.

ముందుగా చిరునామా. ఇంట్లో చేరిన రెండు వారాల లోపల ఆ ఊరి పౌర కార్యాలయానికి, అంటే బ్యూర్గర్‌ఆమ్ట్‌కు వెళ్ళి, నేను ఫలానా ఇంట్లో ఉంటున్నాను అని నమోదు చేయించుకోవాలి. దీన్నే అన్‌మెల్డుంగ్ అంటారు. పాస్‌పోర్టు, పూర్తి చేసిన ఫారంతో పాటు ఇంటి యజమాని సంతకం చేసిన ఒక ధ్రువపత్రం అడుగుతారు. 2015 నవంబరు నుంచి అమల్లో ఉన్న నమోదు చట్టం ప్రకారం ఆ పత్రం ఇవ్వడం యజమాని బాధ్యత, అద్దె ఒప్పందం చూపిస్తే సరిపోదు. పెద్ద నగరాల్లో అపాయింట్‌మెంట్ దొరకడం కష్టం కాబట్టి, ఇల్లు ఖాయం కాగానే అపాయింట్‌మెంట్ తీసుకుని, తీసుకున్నట్టు రుజువు దాచుకోండి.

ఈ నమోదు జరిగాకే పన్ను గుర్తింపు సంఖ్య పోస్టులో ఇంటికి వస్తుంది. అది పదకొండు అంకెల సంఖ్య, జీవితాంతం ఒకటే. అది చేతికి రాకపోతే మీకు ఉద్యోగమిచ్చిన సంస్థ జీతంలో ఎక్కువ పన్ను పట్టుకునే అవకాశం ఉంది. నివాస అనుమతి పొడిగింపుకు విదేశీయుల కార్యాలయం ఈ నమోదు పత్రాన్నే అడుగుతుంది, చాలా బ్యాంకులూ అదే అడుగుతాయి. కనుక ఇల్లు చూసేటప్పుడు అద్దె ఎంత అన్న ప్రశ్న కన్నా ముందు, ఇక్కడ నమోదుకు పత్రం ఇస్తారా అని అడగండి. ఇవ్వము అని చెప్పే గది ఎంత చవకగా దొరికినా, ఊళ్ళో దిగిన మొదటి కొద్ది వారాలకు తప్ప పనికిరాదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఉండని ఇంటి చిరునామాను డబ్బు తీసుకుని నమోదుకు ఇచ్చేవారు ఉన్నారు, మన గ్రూపుల్లో కూడా అలాంటి సందేశాలు కనిపిస్తాయి. అది చట్టవిరుద్ధం. అలా చిరునామా ఇచ్చినవారికి చట్టం 50,000 యూరోల దాకా జరిమానా పెట్టింది, తప్పుడు నమోదు చేయించుకున్నవారికి కూడా జరిమానా ఉంది. పైగా మీ ప్రభుత్వ ఉత్తరాలన్నీ మీరు లేని ఇంటికి వెళ్తాయి. ఆ దేశంలో పన్ను నోటీసు, బీమా కార్డు, వీసా కార్యాలయం పిలుపు, అన్నీ పోస్టులోనే వస్తాయి, వాటిలోని గడువులు మీరు చదివినా చదవకపోయినా నడుస్తూనే ఉంటాయి. అదే కారణంగా, ఇంట్లో చేరిన రోజే పోస్టు డబ్బా మీద, గంట బటన్ దగ్గర మీ ఇంటిపేరు పెట్టించుకోండి. అక్కడి అపార్టుమెంట్లలో చాలాచోట్ల ఫ్లాటు నంబర్లు ఉండవు, పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి వెళ్ళిపోతుంది.

నమోదు ఫారంలో మతం అనే గడి ఒకటి ఉంటుంది. దాన్ని చాలామంది ఆలోచించకుండా నింపేస్తారు. క్యాథలిక్ లేదా ప్రొటెస్టెంట్ అని రాసినవారి ఆదాయపు పన్ను మీద బవేరియా, బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రాల్లో 8 శాతం, మిగతా రాష్ట్రాల్లో 9 శాతం చర్చి పన్ను అదనంగా కోస్తారు. మన తెలుగు క్రైస్తవ కుటుంబాల నుంచి వెళ్ళేవారు ఎందరో ఉన్నారు. అది ఇష్టపూర్వకంగా కట్టేవారు కట్టవచ్చు. కానీ ఆ గడిలో రాసే ఒక్క మాటతో జీతంలో ఏం జరుగుతుందో తెలిసి రాయాలని నా కోరిక.

ఇప్పుడు వెతకడం. విద్యార్థులు అడ్మిషన్ ఖాయం కాగానే, వీసా కోసం ఆగకుండా, విద్యార్థి సేవా సంస్థ నడిపే హాస్టళ్ళకు దరఖాస్తు పెట్టాలి. మ్యూనిక్ వంటి ఊళ్ళలో అక్కడ నిరీక్షణ చాలా పొడవు, కాబట్టి ఒక్క హాస్టలునే నమ్ముకోకండి. ఇమ్మోబిలియన్‌స్కౌట్, వేగే-గెజూఖ్ట్, క్లైన్‌అన్‌ట్సైగెన్ వంటి సైట్లలో రోజూ చూడాలి, సందేశం జర్మన్‌లో రాయాలి, మీరెవరో, ఏం చదువుతారో, ఎప్పటి నుంచి కావాలో నాలుగు వాక్యాల్లో మర్యాదగా చెప్పాలి. నలుగురైదుగురు కలిసి ఒక ఫ్లాటులో ఉండే పద్ధతి అక్కడ మామూలే, కొత్త విద్యార్థికి అదే అన్నిటికన్నా మేలు అని నా అభిప్రాయం. భాష వస్తుంది, చెత్త ఎక్కడ వేయాలో చెప్పే మనిషి ఇంట్లోనే ఉంటాడు. అందరూ తెలుగువాళ్ళే ఉన్న ఫ్లాటు కోసం నెలల తరబడి ఎదురుచూడటం కన్నా ఇది మంచిది.

ప్రకటన చదివేటప్పుడు గదుల లెక్క చూసుకోండి. అక్కడ పడకగదులను విడిగా లెక్కపెట్టరు, హాలుతో కలిపి గదులన్నీ లెక్కిస్తారు, వంటగదీ స్నానాలగదీ అందులోకి రావు. మన టూ బీహెచ్‌కే అక్కడ మూడు గదుల ఇల్లు. ఇంకో సంగతి, చాలా ఇళ్ళలో వంటగది అంటే గోడలు, నీటి పైపు, కరెంటు ప్లగ్గులు మాత్రమే. స్టవ్వు, సింకు, అల్మారాలు వెళ్ళిపోయేవారు పట్టుకుపోతారు, లేదా మీకు అమ్ముతారు. అలా అమ్మే ధర ఆ వస్తువుల విలువకు పొంతన లేకుండా ఉండకూడదని చట్టం చెబుతోంది. కనుక ఏ వస్తువుకు ఎంత అని విడివిడిగా రాయించుకోండి.

మోసాల గురించి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను, ఎందుకంటే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో తొందరలో ఉన్న విద్యార్థే వీటికి చిక్కేది. నగరం నడిబొడ్డున అందమైన ఫ్లాటు, అద్దె మాత్రం చుట్టుపక్కల వాటికన్నా చాలా తక్కువ, యజమాని ప్రస్తుతం మరో దేశంలో ఉన్నానంటాడు, డిపాజిట్ పంపితే తాళంచెవులు కొరియర్‌లో వస్తాయంటాడు, ముందుగా పాస్‌పోర్టు కాపీ పంపమంటాడు. ఈ లక్షణాలు కనిపిస్తే అక్కడితో ఆగిపోండి. ఇల్లు చూడకుండా, ఒప్పందం చేతికి రాకుండా ఒక్క యూరో కూడా పంపవద్దు. మీరు ఇక్కడే ఉండి చూడలేకపోతే ఆ ఊళ్ళో ఉన్న సీనియరును పంపండి, ఎవరూ లేకపోతే ముందు కొన్ని వారాలకు తాత్కాలిక గది తీసుకుని, అక్కడికి వెళ్ళాక వెతకండి. ఖర్చు కాస్త ఎక్కువైనా అదే క్షేమం. ఏజెంటు ఫీజు మాటకొస్తే, ఎవరు పిలిచి పని అప్పగించారో వారే ఫీజు కట్టాలని 2015 జూన్ నుంచి నియమం ఉంది. యజమాని పెట్టుకున్న ఏజెంటు మిమ్మల్ని కమిషన్ అడగకూడదు.

చూడటానికి వెళ్ళినప్పుడు ఆదాయ వివరాలు, గత మూడు నెలల జీతం రసీదులు, షూఫా అనే సంస్థ ఇచ్చే అప్పుల చరిత్ర పత్రం అడుగుతారు. కొత్తగా వచ్చినవారికి ఆ చరిత్ర ఉండదు. దానికి బదులు ఉద్యోగ ఒప్పందం, బ్లాక్డ్ అకౌంట్ పత్రం, స్కాలర్‌షిప్ ఉత్తరం ఒక ఫైలుగా కట్టి తీసుకెళ్ళండి. ఎవరైనా హామీ ఇస్తానంటే ఆ పత్రం కూడా పెట్టండి. పిల్లల్ని కనే ఆలోచన ఉందా వంటి ప్రశ్నలు అడిగే హక్కు యజమానికి లేదు. జాతిని బట్టి, మతాన్ని బట్టి ఇల్లు నిరాకరించడాన్ని 2006 నాటి సమాన అవకాశాల చట్టం నిషేధించింది. అలాంటిది జరిగిందని అనిపిస్తే వచ్చిన సమాధానాలను భద్రపరచి, ప్రభుత్వ వివక్ష నిరోధక కార్యాలయాన్ని సంప్రదించవచ్చు. నిరూపించడం తేలిక కాదు, అయినా అడిగేందుకు చోటు ఉందని తెలిసి ఉండటం అవసరం.

డబ్బు లెక్క దగ్గర చాలామంది చతికిలపడతారు. ప్రకటనలో రెండు అద్దెలు కనిపిస్తాయి. మొదటిది కాల్ట్‌మీటె, గోడలకు మాత్రమే కట్టే అద్దె. రెండవది వార్మ్‌మీటె, అంటే ఆ అద్దెతో పాటు నీరు, చెత్త, మెట్ల శుభ్రత, ఎక్కువ ఇళ్ళలో హీటింగు కలిపిన మొత్తం. కరెంటు, ఇంటర్నెట్ సాధారణంగా ఇందులో ఉండవు. కరెంటుకు మీరు ఏ సంస్థనూ ఎంచుకోకపోతే ఆ ఊరి మూల సరఫరాదారు నుంచి దానంతట అదే వస్తుంది, కానీ ఆ రేటు తరచుగా ఎక్కువ. రెండు వారాల నోటీసుతో దాని నుంచి మారవచ్చు కాబట్టి స్థిరపడగానే మారండి.

డిపాజిట్ మూడు నెలల కాల్ట్‌మీటె కన్నా ఎక్కువ అడగకూడదని చట్టం. దాన్ని మూడు సమాన నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు కూడా మీకుంది, మొదటి వాయిదా అద్దె మొదలైనప్పుడు ఇవ్వాలి. ఆ సొమ్మును యజమాని తన సొంత డబ్బుతో కలపకుండా వేరుగా ఉంచి, వడ్డీతో తిరిగి ఇవ్వాలి. విద్యార్థులు ఒక విషయం మరీ జాగ్రత్తగా వినండి. 2024 సెప్టెంబరు నుంచి బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు పెట్టాలి, కానీ అందులోంచి నెలకు చేతికి వచ్చేది 992 యూరోలే. డిపాజిట్, మొదటి నెల అద్దె, పరుపు, దుప్పటి, వంటసామాను, ఇవన్నీ ఒకే నెలలో మీద పడతాయి. ఆ అకౌంటు మీద ఆధారపడితే మొదటి నెలే అప్పు చేయాల్సి వస్తుంది. తల్లిదండ్రులు ఈ ఖర్చును బ్యాంకు లోను లెక్కలో ముందే విడిగా పెట్టండి.

ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు నాలుగైదు చోట్ల వేలు పెట్టి చదవాలి. మొదటిది, కనీసం ఇంతకాలం ఖాళీ చేయనని ఒప్పుకునే నిబంధన ఉందా అన్నది. మామూలుగా అయితే మీరు మూడు నెలల నోటీసుతో ఎప్పుడైనా వెళ్ళవచ్చు, ఆ నిబంధన ఉంటే ఒకటి రెండేళ్ళు కట్టుబడిపోతారు. రెండవది, అద్దె ఏటా ఇంత పెరుగుతుందని, లేదా ధరల సూచీతో పాటు పెరుగుతుందని రాసి ఉందా అన్నది. మూడవది, చేరేటప్పుడు రంగులు వేయని ఇంటికి వెళ్ళేటప్పుడు మీరే రంగులు వేయాలన్న నిబంధన. అచ్చు ఫారాల్లోని అలాంటి నిబంధనల్లో చాలా వాటిని కోర్టులు చెల్లవన్నాయి. అద్దె అన్యాయంగా ఎక్కువ అనిపిస్తే, ఇళ్ళ కొరత ఉన్నట్టు ప్రభుత్వం ప్రకటించిన నగరాల్లో కొత్త అద్దె ఆ ప్రాంతపు సగటు కన్నా పది శాతానికి మించకూడదన్న పరిమితి ఉంది. ఆ పరిమితిని 2029 చివరి దాకా పొడిగించారు. 2014 అక్టోబరు తరువాత తొలిసారి వాడుకలోకి వచ్చిన కొత్త ఇళ్ళకు అది వర్తించదు.

యజమాని తన ఇంట్లోనే ఒక గదిని సామానుతో అద్దెకిస్తే ఈ రక్షణల్లో కొన్ని మీకు ఉండవు, నోటీసు గడువు కూడా తక్కువ. హాస్టళ్ళకూ విడి నియమాలున్నాయి. అలాగే యజమాని అనుమతి లేకుండా గదిని ఇంకొకరికి ఇవ్వడం, స్నేహితులను నెలల తరబడి ఉంచుకోవడం చేయకండి, దానివల్ల ఇల్లు ఖాళీ చేయించే పరిస్థితి రావచ్చు.

తాళంచెవులు తీసుకునే రోజు తొందరపడకండి. ఒక అప్పగింత పత్రం రాస్తారు. నేల మీద గీతలు, గోడ మీద మరకలు, పగిలిన టైలు, కిటికీ పిడి, అన్నీ అందులో రాయించి, ఫొటోలు తీసుకోండి. కరెంటు, నీరు, హీటింగు మీటర్ల అంకెలు, తాళంచెవుల సంఖ్య అందులో ఉండాలి. అపార్టుమెంటు మొత్తానికి ఒకే తాళాల వ్యవస్థ ఉన్నచోట ఒక్క చెవి పోయినా చాలా తాళాలు మార్చవలసి వచ్చి ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే ఇతరులకు కలిగే నష్టాన్ని భరించే హాఫ్ట్‌ఫ్లిష్ట్ బీమాను తాళంచెవుల నష్టంతో సహా తీసుకోమని అందరికీ చెబుతాను. చిన్న మొత్తానికి దొరికే ఈ బీమా అక్కడ చాలా ఇళ్ళలో ఉంటుంది.

ఇక ఆ ఇంట్లో కాపురం చేయడం. మనవాళ్ళకు డిపాజిట్ దగ్గర ఎక్కువ తగాదాలు తెచ్చేది బూజు. అక్కడి ఇళ్ళకు కిటికీలు గాలి చొరబడకుండా బిగుతుగా ఉంటాయి. మనం రోజూ అన్నం వండుతాం, పప్పు ఉడికిస్తాం, పులుసు మరిగిస్తాం, చలికాలంలో బట్టలు గదిలోనే ఆరేస్తాం. ఆ ఆవిరి అంతా చల్లటి బయటి గోడకు పట్టి నీరుగా మారి, కొన్ని వారాల్లో మూలల్లో నల్లగా బూజు పడుతుంది. కిటికీని రోజంతా కొద్దిగా వాల్చి ఉంచడం వల్ల గోడ చల్లబడుతుంది తప్ప తేమ పోదు. రోజుకు రెండు మూడు సార్లు హీటరు ఆపి, కిటికీలు పూర్తిగా తెరిచి, ఐదు పది నిమిషాలు గాలి ఆడనిచ్చి మళ్ళీ మూసేయాలి. వంట అయిన వెంటనే, స్నానం అయిన వెంటనే తప్పకుండా చేయాలి. మంచాన్ని, బీరువాను బయటి గోడకు ఆనించకుండా కాస్త ఎడంగా పెట్టండి. డబ్బు ఆదా చేద్దామని హీటరును పూర్తిగా ఆపేస్తే మిగిలే డబ్బు కన్నా బూజు వల్ల పోయేదే ఎక్కువ. అయితే బూజు భవనం లోపం వల్ల కూడా రావచ్చు. కనిపించిన రోజే యజమానికి ఫొటోలతో రాతపూర్వకంగా తెలియజేయండి. లోపం తెలియజేయకుండా ఊరుకుంటే తరువాతి నష్టం మీ మీదికే వస్తుంది. అలాగే చలికాలంలో హీటింగు పనిచేయకపోతే అది యజమాని బాగుచేయించాల్సిన లోపం, అద్దె తగ్గించుకునే హక్కు కూడా పుడుతుంది. కానీ సలహా తీసుకోకుండా మీ అంతట మీరే అద్దె కోయవద్దు.

రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు, ఆదివారాలు, పండుగ రోజులు మొత్తం నిశ్శబ్దం పాటించాలి. ఆదివారం పొద్దున్నే దోసెల పిండి గ్రైండరులో వేయడం, గోడకు మేకులు కొట్టడం పొరుగువారితో తగువు తెచ్చే పనులు, ముందురోజే చేసుకోండి. చెత్తను కాగితం, ప్యాకింగు, తడిచెత్త, మిగిలినది అని వేరు చేయాలి, ఏ డబ్బా దేనికో పొరుగువారిని అడిగితే సంతోషంగా చెబుతారు. నమోదు జరిగిన కొన్నాళ్ళకు రేడియో, టీవీ రుసుము కట్టమని ఉత్తరం వస్తుంది. టీవీ లేకపోయినా కట్టాలి, నెలకు 18.36 యూరోలు. కానీ అది మనిషికి కాదు, ఇంటికి. ఫ్లాటులో ఒకరు కడుతుంటే వారి ఖాతా సంఖ్య రాసి పంపితే మీకు మాఫీ అవుతుంది. ఆ ఉత్తరాన్ని పక్కన పడేస్తే బకాయి పెరుగుతుంది.

ఏడాదికోసారి నీరు, చెత్త, హీటింగు వంటి అదనపు ఖర్చుల లెక్క వస్తుంది. నెలనెలా కట్టినదానికన్నా వాడకం ఎక్కువైతే మీరు ఇవ్వాలి, తక్కువైతే వారు తిరిగి ఇవ్వాలి. లెక్క కాలం ముగిసిన పన్నెండు నెలల లోపల యజమాని ఈ లెక్క పంపాలి, గడువు దాటితే సాధారణంగా అదనంగా అడిగే హక్కు పోతుంది. మీకు అభ్యంతరం ఉంటే లెక్క అందిన పన్నెండు నెలల లోపల చెప్పాలి, అసలు బిల్లులు చూపమని అడిగే హక్కు ఉంది. ఈ లెక్కల్లో పొరపాట్లు మామూలే కాబట్టి అడగడానికి వెనుకాడకండి. అడిగితే ఓనరుకు కోపం వస్తుందేమో అన్న భయం మనతో పాటు ఇక్కడి నుంచి వెళ్తుంది. అక్కడ అడగడాన్ని అమర్యాదగా చూడరు. ప్రతి పెద్ద ఊళ్ళో అద్దెదారుల సంఘం ఉంటుంది, ఏడాది చందా కట్టి సభ్యులైతే వారి న్యాయవాదులు మీ ఒప్పందాన్ని, లెక్కలను చదివి సలహా ఇస్తారు. తగాదా వచ్చాక చేరడం కన్నా, ఇంట్లో చేరిన మొదటి నెలలోనే చేరండి.

ఖాళీ చేసేటప్పుడు నోటీసును కాగితం మీద రాసి, స్వయంగా సంతకం పెట్టి పంపాలి, ఈమెయిలు, వాట్సాప్ చెల్లవు. ఒప్పందంలో ఇద్దరి పేర్లుంటే ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆ ఉత్తరం నెలలో మూడవ పనిదినం లోపల యజమానికి అందితే ఆ నెల కూడా లెక్కలోకి వస్తుంది. ఏప్రిల్ మొదట్లో గడువు లోపల అందితే జూన్ ఆఖరుతో ఒప్పందం ముగుస్తుంది, ఒక్క రోజు ఆలస్యమైతే జూలై అద్దె కూడా కట్టాలి. అందుకని రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, లేదా చేతికిచ్చి అందినట్టు సంతకం తీసుకోండి. అప్పగింత పత్రాన్ని చేరిన రోజులాగే మళ్ళీ రాయించండి. డిపాజిట్ కొన్ని నెలల దాకా రాకపోవచ్చు, చివరి లెక్క తేలేదాకా కొంత భాగం ఆపుకోవచ్చు కూడా. కనుక జర్మన్ బ్యాంకు ఖాతాను అప్పటిదాకా మూయకండి, కొత్త చిరునామా యజమానికి రాసివ్వండి. దేశం వదిలి వచ్చేస్తుంటే అదే పౌర కార్యాలయంలో నమోదు రద్దు చేయించుకుని ఆ పత్రం తెచ్చుకోవాలి. రేడియో రుసుము, ఇంటర్నెట్ ఒప్పందం వంటివాటిని ముగించడానికి అదే పనికొస్తుంది.

ఇప్పుడు మీ ప్రశ్నలు తీసుకుంటాను. ఒప్పందం చేతికి వచ్చినవారు ఎవరైనా ఉంటే ముందుకు రండి, వ్యక్తిగత వివరాలు కనబడకుండా, సంతకం పెట్టే ముందు కలిసి చదువుదాం.